గాజు పళ్ళెంలో మెదడు కణాలు



మెదడులో నాడీకణం పోతే మళ్ళీ పుట్టదని మన చదువుల నాటి మాట. 1992లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో రెనాల్డ్స్, వైస్ అనే ఇద్దరు ఎదిగిన చిట్టెలుక మెదడు కణాలను పోషక ద్రవంలో ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీను కలిపి పెంచారు. చాలామటుకు చచ్చాయి. మిగిలిన కొద్ది కణాలూ విభజన చెంది బంతుల్లా ముద్దకట్టాయి. అవే మూలకణాలు. వాటి నుంచి కొత్త నాడీకణాలు వచ్చాయి!

నా శ్రీమతికి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు. మూలకణాల ఇంజక్షనుతో నడిపిస్తామని ఒకచోట ఆరు లక్షలడిగారు. పళ్ళెంలో పెరిగినవి మనిషి మెదడులో పని చేసినట్టు రుజువు చూపమన్నాను. రంగుల కరపత్రం ఇచ్చారు. ఫైలులో పెట్టదగ్గ కాగితం ఒక్కటీ లేదు. డబ్బు బ్యాంకులోనే ఉంది. ఫిజియోథెరపీ కుర్రాడు రోజూ వస్తున్నాడు.