పాట మనదే, పేరు ఎవరిది?

(దేవనకొండలో తప్పెట కళాకారులు, యువకులు కూడిన చోట చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున మన పిల్లోడొకడు ఒక ప్రశ్న అడిగినాడు. "సార్, గోరటి వెంకన్న పాట సినిమాకెక్కింది. ఆయన ఎమ్మెల్సీ అయినాడు. అకాడమీ అవార్డు వచ్చింది. ఇంకా ఆయన మనోడేనా?" చప్పట్లు కొట్టో, తిట్టో తేల్చేసే ప్రశ్న కాదిది. నిదానంగా మాట్లాడుకుందాం.

వెంకన్న తుంగభద్రకు అవతల, పాలమూరు సీమలోని గౌరారంలో పుట్టిన దళిత బిడ్డ. ఆ గడ్డ కూడా మన దేవనకొండ మాదిరే కరువు గడ్డ, వలస గడ్డ. ఆయన 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చి ఇంటింటికీ పోయింది. ప్రపంచీకరణ దెబ్బకు చేతివృత్తులు ఎట్ల కూలిపోతున్నాయో చెప్పిన పాట అది. ఇండ్లకు తాళాలేసి, పిల్లోళ్ళ బడి మాన్పించి, గుంటూరు మిరప చేన్లకు సుగ్గికి పోయే మన జనానికి ఆ దుఃఖం పరాయిదిగా తోచలేదు.

అయితే ఒక మాట అడగాల. ఆ పల్లె కోసం అందరూ ఏడ్చినారు. పెద్ద రైతూ ఏడ్చినాడు, పట్నంలో స్థిరపడిన ఆఫీసరూ ఏడ్చినాడు. మరి ఆ పల్లెలో మన మాదిగ గేరి, మాల గేరి యాడుండాయి? ఊరి బయట! 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ పల్లెను పొగిడేవాళ్ళను నిలదీసినాడు. పల్లె అంటే సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ నెలవని తేల్చి చెప్పినాడు. అందరూ కలిసి ఏడ్చే పాటను సినిమా నెత్తిన పెట్టుకుంటుంది. హోటల్లో మాకు వేరే గ్లాసు యాల అని అడిగే పాటను పెట్టుకోదు. ఇది వెంకన్న తప్పు కాదు. ఏరుకునే చెయ్యి ఎవరిదో చూడమంటున్నాం.

ఆ తర్వాత వచ్చిన పాటల పుస్తకం 'వల్లంకి తాళం'. 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది. పోరాట పాట కట్టినోడు పిట్టలు, చెట్లు అంటాడేమని మనోళ్ళే కొందరు మూతి విరిచినారు. మేము ఒప్పుకోము. గొడ్లు కాచినోడికి, కంప కొట్టినోడికి తెలిసినంత పిట్ట సంగతి ఏ పండితునికి తెలుసు? పాట కవిత్వం కాదు, నోటిమాట సాహిత్యం కాదు అని మన తాతలను గడప బయట నిలబెట్టిన లోకమే ఆ పుస్తకానికి దండ వేయాల్సి వచ్చింది. అది మనందరి గెలుపు. అట్లని నోరు మూసుకోము. 2020లో ఎమ్మెల్సీ అయిన అన్నను "సర్కారును అడిగే పాట యాడ?" అని అడిగే హక్కు మనకుండాది. మనోడు కాబట్టే అడుగుతాం.

ఇక పేరు సంగతి. పక్కన తమిళనాడులో అరివు అనే దళిత యువకుడున్నాడు. 2021 మార్చిలో ధీతో కలిసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి' దేశమంతా మోగింది. అదే ఏడాది ఒక ఇంగ్లీషు పత్రిక ఆ పాటను పొగుడుతూ, ముఖచిత్రం మీద అతని బొమ్మే వేయలేదు. పా. రంజిత్ నిలదీసినాక వేసింది. 2022 జులైలో చెస్ ఒలింపియాడ్ సభలో అతను లేకుండానే ఆ పాట పాడినారు. అది తన కష్టమని అతను లోకానికి చెప్పుకోవాల్సి వచ్చింది. సంగీత దర్శకుడేమో అది ముగ్గురి కష్టమన్నాడు. డబ్బు మాత్రం తమకెవరికీ పైసా రాలేదని 2024లో ఆయనే చెప్పినాడు. ఆ ఏడాదే అరివు కొత్త ఆల్బమ్ తెచ్చినాడు. దాని పేరు 'వల్లియమ్మ పేరాండి', అంటే వల్లియమ్మ మనవడు. సిలోన్ తేయాకు తోటల్లో కూలి చేసిన అవ్వ పేరది. పేరు లాక్కున్న లోకానికి అవ్వ పేరుతో జవాబిచ్చినాడు!

మనమేమన్నా తక్కువ తిన్నామా? 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి' రాసింది బండి యాదగిరి అని మీలో ఎంతమందికి తెలుసు? మన గేరిలో ఒక అక్క సుగ్గికి పోతా కట్టిన పాటను ఎవరో ఫోన్లో పట్టుకొని పోయినారు. అది 'జానపదం' అని ఒక చానల్లో వచ్చింది. అక్క పేరు లేదు. "పోనీలే సార్, పాట బతికింది గదా" అనిందామె. పాట బతికింది, మనిషిని చంపినారు. జానపదం అంటే తల్లిలేని పాట కాదప్పా!

అందుకే ఈ పొద్దు ఒక పని మొదలుపెడదాం. ఈ నోటుబుక్కులో పాట కట్టినోళ్ళ పేరు, ఊరు, ఏ సంవత్సరం కట్టినారో రాద్దాం. అడగకుండా ఎవరినీ పట్టుకోనియ్యొద్దు. పేరు, పైకం తేలినాకనే పాట గేరి దాటాల. సినిమాకు పోతే పోనీ, సంతోషమే. తిరిగి మన తప్పెట మీదికి రావాల.

మొదటి పేజీలో ఆ అక్క పేరు రాస్తున్నాం.

జై భీమ్!