బాలురు – యుద్ధక్రీడలు



మా యిందుకూరుపేటలో వెనుక సాయంకాలమైనచో బాలురు బిళ్ళంగోడు, చెడుగుడు ఆడుచుండెడివారు. నేడు నలుగురు బాలురు ఒక్క యరుగుపై గూర్చుండియు మాటాడుకొనరు. నలుగురి దృష్టియు నాలుగు ఫోనులయందే. వానిలో యుద్ధము జరుగుచుండును.

పబ్జీ యను నాట 2018లో ఫోనులలోనికి వచ్చినది. నూర్గురు ఆటగాండ్రు విమానమునుండి యొక ద్వీపముపై దిగి, తుపాకులు వెదకికొని, యొకరినొకరు చంపుకొందురు. తుదకు మిగిలినవారే విజేతలు. భారత ప్రభుత్వము 2020 సెప్టెంబరు 2వ తేదీన దీనిని నిషేధించినది. చెప్పిన కారణము దేశభద్రతయే గాని బాలుర క్షేమము కాదు. మరుసటి యేడే యీ యాట వేఱుపేరుతో తిరిగి వచ్చినది. కావున మన యింటికి కావలి మనమే కాయవలెను.

ఈ యాటలాడు బాలుడు హంతకుడగునా? అగునని చెప్పుట సత్యము గాదు. అమెరికాలోని మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల సంఘము 2020లో, ఇట్టి యాటలవలన కసరుట, త్రోయుట వంటి దుడుకుతనము కొంత హెచ్చుననియు, ఘోర నేరములకు ఇవియే కారణమనుటకు తగిన యాధారము లేదనియు దెలిపినది. ఆటపై అదుపు తప్పి, చదువు, నిద్ర, భోజనము చెడినను మానలేని స్థితిని మాత్రము ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రుగ్మతల పట్టికయందు జేర్చినది.

2020లో కరోనాచే పాఠశాలలు మూతపడగా, పాఠములకని నా మనుమనికి ఫోను కొనియిచ్చినవాడను నేనే. ఒకనాటి రాత్రి రెండుగంటలవేళ వాని దుప్పటిలో వెలుతురు గాంచి, కోపముతో ఫోను లాగికొని బీరువాలో బెట్టితిని. వాడు రెండు దినములు అన్నము ముట్టలేదు. 2019 ఏప్రిలులో హైదరాబాదు మల్కాజిగిరిలో, ఈ యాటకై పెద్దలు మందలించిన పిమ్మట పదవ తరగతి బాలుడొకడు ప్రాణము తీసికొనిన వార్త జ్ఞాపకము వచ్చి నా గుండె ఝల్లుమనినది.

మూడవనాడు ఫోను తెచ్చి, వాని ప్రక్కన గూర్చుండి, "ఏదీ, నాకును చూపు నాయనా" అంటిని. వాడు ఉత్సాహముతో చూపెను. "నీవు చంపినవానికై యేడ్చువారెవరురా?" అని యడిగితిని. వాడు నవ్వి, "ఎవరూ ఏడవరు తాతయ్యా. వాడు మళ్ళీ ఇంకో ఆటలోకి వచ్చేస్తాడు" అనెను.

ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొనినది. మన భారతమునందు చంపుట లేదా? ఉన్నది, పదునెనిమిది దినములు యుద్ధమే. కాని యుద్ధము ముగిసిన వెంటనే స్త్రీపర్వమున్నది. మన నెల్లూరి తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వములలో నదియు నొకటి. అందు గాంధారి రణభూమికి వచ్చును. కోడండ్రు తమ భర్తల కళేబరములను వెదకికొందురు. గెలిచినవారు ఆ రోదనము వినక తప్పదు. ఫోనులోని యుద్ధమునకు స్త్రీపర్వము లేదు. అదియే దాని దోషము.

నాటినుండి మా యింట దీపములు పెట్టిన పిమ్మట ఫోను వాని నాయనమ్మ చేతికి బోవును. నేను భారతకథ చెప్పుదును. వాడు ఆట పూర్తిగా మానలేదు, తగ్గించినాడు. ఒకనాడు పద్మవ్యూహపు కథ విని, "అభిమన్యుడు మళ్ళీ రాడా తాతయ్యా?" అనెను. "రాడు నాయనా" అంటిని. వాడు చాలసేపు మాటాడలేదు.

పెద్దలారా! ఆటలపై పదునాఱేండ్లనియో, పదునెనిమిదేండ్లనియో వయస్సు వేసియుండును. దానిని జూచుటకు ఇంగ్లీషు రానక్కరలేదు. అంకెలు వచ్చిన చాలును. ఫోను లాగికొనుటకు ముందు ఒక్కసారి బిడ్డ ప్రక్కన గూర్చుండుడు. వాడు ఎవరిని చంపుచున్నాడో చూడుడు. చచ్చినవానికై యేడ్చువారి కథ మీరు చెప్పుడు.

సెలవు.