బయోడేటాకు కొత్త తీరు
(సంఘ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒడంబడిక ఫలితముగా భిలాయి ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ దినములనుండి శ్రీకాకుళము, విజయనగరము వైపునుండి ఎందరో తెలుగువారు వచ్చి, మరోదా మొదలగు సెక్టారులలో కాపురముండి, ఈ ఉక్కునగరమును తమ ఊరుగా చేసికొనిరి. ఇచ్చట తయారైన రైలు పట్టాలు దేశమంతట పరచబడినవి. కాని వానిని తయారుచేసిన వారి పనిని గూర్చి వ్రాయబడినది మిక్కిలి స్వల్పము. సర్వీసు పుస్తకములో చేరిన తేదీ, హోదా, జీతపు స్కేలు, పదవీ విరమణ తేదీ ఉండును. పనిలోని నేర్పు ఉండదు.

ఒక క్రేను ఆపరేటరు సంగతి చూడుడు. అతని బయోడేటాలో "క్రేను ఆపరేటరు, 30 సంవత్సరముల అనుభవము" అని ఒక్క పంక్తి ఉండును. కరిగిన లోహముతో నిండిన లేడిల్‌ను ఊగనీయక కొనిపోవుట, క్రింద నిలిచినవాని చేతి సంజ్ఞను కనిపెట్టుట, సందేహము కలిగినపుడు ఎవరు తొందరపెట్టినను ఆపివేయుట, ఇవన్నియు ఆ ఒక్క పంక్తిలో అణగిపోయినవి. విరమణానంతరము అతడు మరియొకచోట శిక్షకుడుగా చేరదలచినచో ఆ పంక్తి చాలదు.

ఇట్టి సందర్భమున కృత్రిమ మేధ అక్కరకు వచ్చును. 2022 నవంబరులో చాట్ జీపీటీ ప్రజల వాడుకకు వచ్చినది మొదలు ఇటువంటి సాధనములు చేతి ఫోనులోనే లభించుచున్నవి. "ముందు ప్రశ్నలు అడుగుము, పిమ్మట వ్రాయుము" అని చెప్పి, అతడు తన పనిని తెలుగులోనే వివరింపవచ్చును. ఆ మాటలనుండి యజమానికి ఇంగ్లీషున ఒక పుట వివరము, శిక్షణ పొందువారికి పాఠము, ఇంటర్వ్యూకు సాధన ప్రశ్నలు, మనుమలకు వినిపించుటకు చిన్న కథనము సిద్ధము చేయించుకొనవచ్చును.

అయినను జాగ్రత్త అవసరము. మరోదా జలాశయమునుండి కర్మాగారమునకు నీరు పోవుచున్నది. గొట్టము నీటిని చేరవేయునే కాని పుట్టింపదు. ఈ యంత్రము అట్టిది కాదు. చెప్పినది కొరతపడినచోట తానే కల్పించి పూరించుట కలదు. "ప్రమాదములను 40 శాతము తగ్గించెను" అని ఎవరును చెప్పని లెక్కను నిబ్బరముగా వ్రాయగలదు. ఆ లెక్క ఎట్లు వచ్చినదని ఇంటర్వ్యూలో అడిగినచో సమాధానము చెప్పవలసినవాడు మనిషియే. ఒక్క కల్పిత వాక్యము ముప్పది యేండ్ల నిజమును సందేహములో పడవేయును. కావున యంత్రము తీర్చిన ప్రతి వాక్యమును మరల చదివి, తనది కానిదానిని కొట్టివేయవలెను.

ప్రభుత్వోద్యోగులకు మరియొక హద్దు కలదు. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ, కార్యాలయపు కంప్యూటర్లలో చాట్ జీపీటీ, డీప్‌సీక్ వంటి సాధనములను వాడవలదని తన సిబ్బందికి సూచించినది. ప్రభుత్వ పత్రముల రహస్యము బయటపడునను భయమే అందులకు కారణము. తన నేర్పును చెప్పుకొనుట వేరు, కార్యాలయపు కాగితములను యంత్రమునకు అప్పగించుట వేరు.

తొలితరమువారిలో పలువురు నేడు లేరు. వారి నేర్పులో చాల భాగము వారితోనే పోయినది. మిగిలిన పెద్దల ప్రక్కన ఇంటిలోని యువకులు ఫోను పట్టుకొని కూర్చుండవలెను. "తాతయ్యా, ఆ దినము లేడిల్‌ను ఎందుకు ఆపితివి?" అను ప్రశ్న యంత్రమునకు తోచకపోవచ్చును, మనుమనికి తోచును. ఆ జవాబు పడినచో బయోడేటాతోపాటు ఇంటి చరిత్రయు నిలుచును.