నెట్టు పోయిందా? ముందు లైట్లు చూడండి
(వార్షిక సర్వసభ్య సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మాకిచ్చిన విషయం చిన్నది. ఇంట్లో కంప్యూటరుకు ఇంటర్నెట్టు ఆగిపోతే ఏం చేయవలెను అన్నది. ఇలాంటి సభలో చదువు గురించో, ఉపాధి గురించో మాట్లాడాలి గాని ఈ నెట్టు గొడవేమిటని కొందరు పెద్దలు అనుకోవచ్చును. కాని చదువూ ఉపాధీ రెండూ ఇప్పుడు ఆ తీగ మీదనే నడుస్తున్నవి. ఇంజనీరింగు కౌన్సిలింగులో కాలేజీల ఆప్షన్లు కంప్యూటరులోనే పెట్టాలి. స్కాలర్‌షిప్పు దరఖాస్తు నేషనల్ పోర్టల్‌లోనే. హజ్ దరఖాస్తు కూడా ఆన్‌లైనే. కువైట్‌లోనో దుబాయిలోనో ఉన్న కొడుకు ముఖం తల్లి చూసుకునేదీ అందులోనే. గడువు చివరి రోజు సాయంత్రం నెట్టు పోతే, సంవత్సరమంతా చదివిన పిల్ల ఆ రాత్రి ఏడుస్తూ కూర్చోవలసిందే.

మేము కంప్యూటరు పండితులం కాము. పిల్లల దరఖాస్తులు నింపిపెట్టే నలుగురైదుగురం, అంతే. సీజనులో మా ఫోను మోగితే మొదటి మాట "చాచా, నెట్టు పోయింది" అని. మేమడిగేది ఒక్కటే: "ఏ లైటు వెలుగుతున్నది బేటా?" అవతల నిశ్శబ్దం. ఈ పూట మేము చెప్పబోయేదంతా ఆ నిశ్శబ్దం గురించే అనుకోండి.

మనది డెల్టా. శివారు చేలకు నీరు రాకపోతే రైతు ఏం చేస్తాడు? తిన్నగా లాకుల దగ్గరకు పోయి లస్కరును తిట్టడు గదా. ముందు తన బోదెలో తుక్కు అడ్డుపడిందేమో చూసుకుంటాడు. తరువాత తూము చూస్తాడు. పక్క చేనుకు నీరు పారుతున్నదా అని చూస్తాడు. ఇంటర్నెట్టు కూడా అంతే. కంప్యూటరు, దాని నుంచి పెట్టె, పెట్టె నుంచి స్తంభం, స్తంభం నుంచి కంపెనీ. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే. కాని మనవాళ్లు ఏం చేస్తారంటే, కంప్యూటరు మీద కోపంతో దాన్ని నాలుగుసార్లు ఆర్పి వెలిగిస్తారు. పాపం దాని తప్పేమీ ఉండదు.

మొదట ఇంట్లో సెల్‌ఫోను తీసుకోండి. దానిలో మొబైల్ డేటా ఆపేయండి, వైఫై మాత్రం ఉంచండి. ఇప్పుడు ఏదైనా తెరవండి. ఫోనులో వచ్చి కంప్యూటరులో రాకపోతే జబ్బు కంప్యూటరులో ఉన్నది. రెంటిలోనూ రాకపోతే జబ్బు పెట్టెలోనో, ఆ పైనో. డేటా ఆపమని ఎందుకంటున్నామంటే, వైఫైలో నెట్టు లేకపోతే ఫోను చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. "ఫోనులో బాగానే వస్తున్నదండీ, కంప్యూటరే పాడయింది" అని కంప్యూటరును భుజాన వేసుకుని గుడివాడ షాపుకు తీసుకుపోయినవారున్నారు. షాపులో దానికి నెట్టు తగిలిస్తే శుభ్రంగా పనిచేసింది. ఆటో ఖర్చు దండుగ.

ఇక పెట్టె. దాని మీద వరుసగా చిన్న లైట్లుంటాయి. పవరు అన్నది కరెంటు వస్తున్నదని. పాన్ అన్నది స్తంభం నుంచి వచ్చే గాజు తీగ ద్వారా కంపెనీతో మాట కలిసిందని. అది ఆకుపచ్చగా నిలకడగా వెలగాలి. అది కొట్టుకుంటూ ఉంటే పెట్టె ఇంకా పిలుస్తున్నది, అవతల పలకలేదు అని. ఎల్.ఓ.ఎస్. అని మూడు ఇంగ్లీషు అక్షరాల లైటు మరొకటి ఉన్నది. అది వెలగకూడదు. ఎర్రగా వెలిగిందా, బయటి నుంచి వెలుతురు పెట్టెకు చేరడమే లేదు. అప్పుడు మీరు ఇంట్లో ఎన్ని తిప్పలు పడినా లాభం లేదు, కంపెనీవారికి ఫోను చేయడమే. పెట్టెను బట్టి పేర్లు కొంచెం మారవచ్చును గాని ఎర్ర లైటు అర్థం మారదు.

ఎర్ర లైటు లేదు, అయినా నెట్టు లేదు అంటే పెట్టెను ఒకసారి ఆపండి. అర నిమిషం ఆగి మళ్లీ వేయండి. వేసిన వెంటనే తొందరపడవద్దు, దానికి సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. చాలా జబ్బులు ఇంతటితోనే పోతాయి.

ఇక్కడ గట్టిగా మనవి చేయవలసినది ఒకటి కలదు. పెట్టె వెనుక సూదిమొన పట్టేంత చిన్న కన్నం ఉంటుంది, పక్కన రీసెట్ అని రాసి ఉంటుంది. చదువుకున్న కుర్రవాళ్లు దానిలో పిన్ను గుచ్చుతారు. ఆపి వేయడం వేరు, రీసెట్ చేయడం వేరు. రీసెట్ చేస్తే కంపెనీవారు దానిలో పెట్టిన పేరు, సంకేత పదం, వైఫై పేరు సమస్తం తుడిచిపెట్టుకుపోతాయి. అప్పటిదాకా పది నిమిషాల్లో బాగయ్యేది కాస్తా మెకానిక్కు వచ్చేదాకా బాగుకాదు. మా ఎరుకలో ఎర్ర లైటుకన్నా ఈ పిన్ను వల్ల పోయిన రోజులే ఎక్కువ.

తీగల సంగతి. మన బందరు ఉప్పు గాలి మీకు తెలియనిది కాదు. కిటికీ ఊచ, గడియ, ఏదైనా రెండేళ్లకు తుప్పు. నెట్టు తీగ చివర ఉండే బంగారు రంగు రేకులకూ అదే గతి. తీగ ఊడదీసి, పొడిగుడ్డతో తుడిచి, టక్కుమని చప్పుడయ్యేదాకా మళ్లీ దోపండి. దాని ప్లాస్టిక్కు నాలుక విరిగితే తీగ వదులుగా ఉండి, ఫ్యాను గాలికి కూడా నెట్టు వస్తూ పోతూ ఉంటుంది. తీగ మారిస్తే సరి. పెట్టె వెచ్చగా ఉంటుంది కాబట్టి చీమలు, బల్లులు చేరతాయి, అదీ చూసుకోండి. పాతకాలపు ఇళ్లలో గోడలు మందం, ముందుగదిలో పెట్టె పెట్టి వెనుకవసారాలో వైఫై రాలేదంటే అది జబ్బు కాదు, గోడ.

పచ్చటి కొప్పు ఉన్న సన్న తీగ ఒకటి పెట్టెలోకి పోతుంది. అది రాగి కాదు, వెంట్రుకంత గాజు పోగు. దాన్ని మడవవద్దు, మేకుకు చుట్టవద్దు, మంచం కాలికింద పడనీయవద్దు. ఊడదీసి చివర కంటికి ఆనించి చూడవద్దు. దానిలో పోయే వెలుతురు కంటికి కనపడదు గాని కంటికి మంచిది కాదు.

ఈ గాజు తీగ బయట ఎక్కడ తెగుతుందో మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. ఒకప్పుడు టెలిఫోను రాగి తీగలు భూమిలో పోయేవి, వాన పడితే జాయింట్లలో నీరు చేరి ఫోనులో బరబరమనేది. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న మొదలైంది. ఆ తరువాత చాలా ఏళ్లు ఆ తీగల మీదనే కుయ్యో మొర్రో అంటూ నడిచింది. రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ గారు ప్రారంభించారు. దానిలో తీగను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదనే వేల కిలోమీటర్లు లాగారు. ఖర్చు తగ్గింది, పల్లెకు త్వరగా చేరింది. కాని స్తంభం మీద తీగకు స్తంభం కష్టాలన్నీ ఉంటాయి. కోతలైన తరువాత ట్రాక్టరు మీద గడ్డి కొండంత ఎత్తు వేసి తోలుకుపోతారే, ఆ గడ్డి తీగను తగులుకుంటే ఆ వీధి వీధంతా చీకటి. చెట్టుకొమ్మ విరిగినా అంతే. కాబట్టి ఎర్ర లైటు వెలిగినప్పుడు ఒకసారి బయటకు వచ్చి తల పైకెత్తి చూడండి, పక్కింటివారిని అడగండి. వీధంతా పోయిందంటే కంపెనీకి అదే చెప్పండి. "నెట్టు రావడం లేదు" అన్నదానికన్నా "ఎల్.ఓ.ఎస్. ఎర్రగా ఉన్నది, మా వీధిలో నాలుగిళ్లకు లేదు, ఫలానా స్తంభం దగ్గర తీగ వేలాడుతున్నది" అన్నదానికి మనిషి త్వరగా వస్తాడు. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. కరెంటు తీగ పక్కనే ఉంటుంది గనుక వేలాడే తీగను మీరు మాత్రం ముట్టవద్దు.

ఫోను చేయడం అన్నాము గదా, మేము ఇంత దూరం వచ్చి మాట్లాడుతున్నది ముఖ్యంగా ఇందుకే. ఏ నంబరుకు చేస్తున్నారు? చాలామంది సెల్‌ఫోనులో కంపెనీ పేరు కొట్టి, కస్టమర్ కేర్ అని వెదికి, మొదట వచ్చిన నంబరుకు చేస్తారు. దొంగలు అక్కడే కాచుకుని కూర్చున్నారు. నిరుడు మాకు తెలిసిన ఒక తల్లి, మిషను కుట్టి పిల్లలను చదివించుకుంటున్న మనిషి, అలాగే చేసింది. అవతలివాడు ఎంతో మర్యాదగా "అమ్మా, మీ లైను ఇక్కడినుంచే బాగు చేస్తాము, ఈ యాప్ వేసుకోండి, పది రూపాయలు కట్టి చూడండి" అన్నాడు. ఆ యాప్ ద్వారా ఆమె ఫోను తెర మొత్తం వాడికి కనపడుతుంది. బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీ ఆమెకన్నా ముందు వాడే చదివాడు. కూతురి ఫీజుకని దాచిన డబ్బు పది నిమిషాల్లో పోయింది. ఆమె సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులే అసలు నష్టం. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే, ఆ డబ్బు ఇంకా చేతులు మారకపోతే ఆపగల అవకాశం ఉన్నది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం కరిగిపోతుంది. సిగ్గుపడవలసినది దొంగ గాని ఆమె కాదు. తెగిన తీగను బాగుచేయడానికి మీ ఫోను తెర ఎవరూ చూడనక్కరలేదు, ఓటీపీ ఎవరికీ అక్కరలేదు. కంపెనీ నంబరు మీ బిల్లు మీద ఉంటుంది, పెట్టె మీద అంటించి ఉంటుంది, మీ కేబుల్ అబ్బాయి నంబరు మీ దగ్గరే ఉంటుంది. ఆ మూడూ కాక నాలుగో చోట వెదకవద్దు.

ఇప్పుడు కంప్యూటరులోనే జబ్బు ఉన్నదనుకోండి. ల్యాప్‌టాప్ అయితే విమానం బొమ్మ ఉన్న మీట పిల్లల చేతికి తగిలి వైఫై ఆగిపోయి ఉంటుంది. అదీ కాకపోతే నల్ల తెర తెరవండి, సీఎండీ అని కొడితే వస్తుంది. దానిలో ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. మీ కంప్యూటరు నంబరు 192.168తో మొదలైతే సాధారణంగా పెట్టె దానికి చోటిచ్చినట్టు. 169.254తో మొదలైతే పెట్టె పలకక, కంప్యూటరు తనంతట తానే ఒక నంబరు తగిలించుకున్నదన్నమాట. తీగనో వైఫైనో చూసుకోవాలి. నంబరు బాగుంటే పింగ్ అని, కాస్త ఎడంగా 8.8.8.8 అని కొట్టండి. జవాబులు వరుసగా వస్తే దారి బాగున్నది. దారి బాగుండి కూడా వెబ్‌సైటు పేరు కొడితే రాకపోతే, పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా. అంటే ఊరికి రోడ్డున్నది, చిరునామా చెప్పేవాడు లేడు. నెట్‌వర్కు సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 గాని 1.1.1.1 గాని పెడితే తీరుతుంది.

ఇంకొక విచిత్రమైన జబ్బు పాత కంప్యూటర్లకు వస్తుంది. నెట్టు ఉంటుంది గాని ఏది తెరిచినా "భద్రత లేదు" అని ఎర్రగా అడ్డం వస్తుంది. తెర మూల తేదీ చూడండి. 2009 అనో 2010 అనో ఉంటుంది. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే ఏ వెబ్‌సైటూ తన గుర్తింపు పత్రాన్ని రుజువు చేసుకోలేదు. తేదీ సరిచేయండి, తరువాత ఆ బ్యాటరీ మార్పించండి. దీనికి విండోస్ మళ్లీ వేయాలని వందలు గుంజినవారిని చూశాము.

తుపాను మాట రాకుండా మన సీమలో ఏ ప్రసంగమూ ముగియదు. 1977 నవంబరు 19 ఉప్పెన నాడు దివిసీమ నుంచి బయటకు పూర్తి కబురు చేరడానికి రోజులు పట్టింది. ఆ స్థితి పోయింది గాని కరెంటు పోతే నెట్టు పోవడం పోలేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు దివిసీమ లంకలు, బుడమేరు వల్ల గుడివాడ పక్కన నందివాడ ఊళ్లు మునిగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. హెచ్చరిక వచ్చిన రోజే దరఖాస్తు పంపేయండి, చివరి తేదీ దాకా ఉంచవద్దు. ఇంట్లో నెట్టు పోతే సెల్‌ఫోను హాట్‌స్పాటుతో కంప్యూటరు నడుస్తుంది. వైరుతో కలిపితే ఫోను ఛార్జీ కూడా నిలుస్తుంది. టవర్లకు బ్యాటరీ ఉన్నంతసేపే ఆ వరం. తుపాను సమయంలో టెలికాం శాఖ ఒక కంపెనీ ఫోను మరొక కంపెనీ టవరు మీద పనిచేసేటట్టు అనుమతించడం కలదు. సిగ్నలు లేకపోతే సెట్టింగుల్లో నెట్‌వర్కును చేతితో ఎన్నుకుని చూడండి.

ఇంటికి పోగానే ఒక అట్టముక్క తీసుకుని, దాని మీద మీ కనెక్షను నంబరు, బిల్లు ఆఖరు తేదీ, కేబుల్ అబ్బాయి ఫోను నంబరు, 1930, నాలుగూ పెద్ద అక్షరాలతో రాసి పెట్టె పక్కన గోడకు అంటించండి. రాయడం రానివారు రేపు మాగ్రిబ్ తరువాత వచ్చి మా చేత రాయించుకోవచ్చును. పెట్టెను మాత్రం తీసుకురావద్దు, మీ సెల్‌ఫోనులో దాని లైట్ల ఫోటో తీసి తెస్తే చాలును.