గూళ్ళు లెక్కపెట్టు తల్లీ!



హిందూపురం దగ్గర, చిలమత్తూరు మండలంలో, వీరాపురం అని ఒక ఊరుంది. ఏటా చలికాలం చివర్లో ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. పచ్చని పొడుగు ముక్కు, తోక దగ్గర గులాబిరంగు ఈకలు. పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఉండి వెళ్ళిపోతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటారు వాటిని ఊళ్ళోవాళ్ళు.

ఒకసారి మా చెల్లెలూ నేనూ మధ్యాహ్నంపూట వెళ్ళాం. ఒక చెట్టు కింద నిలబడి లెక్కపెడితే 23 కొంగలు తేలాయి. అరుగుమీద కూర్చున్న ఒక పెద్దావిడ నవ్వి, "అట్ల లెక్కపెడితే యాడ తెగుతుంది తల్లీ? గూటికాడ ఒకటి కావలుంటాది, ఇంకోటి చెరువుకు మేతకు పోయుంటాది. గూళ్ళు లెక్కపెట్టు తల్లీ!" అంది. గూళ్ళు 19 ఉన్నాయి. అంటే 38 పక్షుల సంసారమన్నమాట. పదో తరగతి పాసైన నాకు ఆ మాత్రం తోచలేదు!

సరే, వచ్చే ఏడు గూళ్ళు పదే కనిపించాయనుకోండి. కొంగలు చచ్చిపోయాయని ఏడవాలా? తొందరపడకూడదు. చెరువులో నీళ్ళు లేకపోతే చేపలుండవు, చేపలు లేనిచోట కొంగకేం పని? నీళ్ళున్న ఊరికి పోయి ఉండవచ్చు. అందుకని పక్షుల లెక్క పక్కనే వానల లెక్క కూడా పెట్టుకుని చదవాలి. 1987 నుంచి ప్రతి జనవరిలోనూ ఆసియా దేశాల్లో నీటిపక్షుల్ని లెక్కిస్తున్నారు. ఇక్కడ తగ్గినవి ఇంకెక్కడైనా పెరిగాయేమో అలాంటి లెక్కల్లో వెతుక్కోవచ్చు.

కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. కలివికోడి సంగతి చూడండి. 1900లో అనంతపురం దగ్గర చూశారు, ఆ తర్వాత ఎవరికీ కంటబడలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో ఐతన్న అనే ఆయన చేతికి చిక్కింది. రాత్రిపూట తిరిగే పిట్ట మరి!

ఇంకో చిక్కుంది. ఎన్ని రకాలున్నాయో చెబితే సరిపోదు. రెండు డబ్బాల్లో 99 చొప్పున గింజలు పోయండి. రెండింటిలోనూ నవధాన్యాలే. మొదటి దాంట్లో ఒక్కొక్కటీ 11 గింజలు. రెండో దాంట్లో 91 శనగలు, తక్కినవి ఒక్కొక్క గింజ. కళ్ళు మూసుకుని రెండు గింజలు తీయండి. మొదటి డబ్బాలో వందకు తొంభైసార్లు వేర్వేరు గింజలొస్తాయి. రెండోదాంట్లో పదిహేను, పదహారుసార్లు వస్తే గొప్ప. 1949లో సింప్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఇచ్చిన కొలత ఇదే. పేరుకు తొమ్మిది రకాలూ ఉన్నాయి, కాని ఎనిమిదింటి బతుకు ఒక్కొక్క గింజ మీద నిలిచింది!

హిందూపురంలో రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయేటప్పుడు కిటికీలోంచి చూస్తే నాకా రెండో డబ్బాయే గుర్తొస్తుంది. మా అత్తగారి రోజుల్లో ఒకే చేనులో కొర్ర, సజ్జ, కంది, అలసంద కలిపి వేసేవారు. వాన ముఖం చాటేసినా ఏదో ఒకటి ఇంటికొచ్చేది. తర్వాత ఎక్కడ చూసినా శెనక్కాయే అయింది. అది ఎండితే ఇక గాదె ఖాళీ. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర మొదలైన టింబక్టు కలెక్టివ్ వాళ్ళు చిరుధాన్యాల్ని మళ్ళీ పొలాల్లోకి తెచ్చే పని చేస్తున్నారు.

ఫిబ్రవరిలో వీరాపురం వెళ్ళేవాళ్ళు ఒక నోటుబుక్కు తీసుకెళ్ళండి. తేదీ, వేళ, చెట్టు గుర్తు, గూళ్ళు, చెరువులో నీళ్ళెంత ఉన్నాయో రాయండి. ఒక్క కొంగా కనబడని రోజైతే, సున్నా అని అదీ రాయండి.