గరికపాడు దాటిన సరకు

(జగ్గయ్యపేట, నందిగామ పఠనాలయములలో మేము చేసిన ప్రసంగ పాఠము)



పన్నులను గూర్చి ప్రసంగింతుమనగానే నందిగామ సభలో ఒక వృద్ధులు లేచి, "మన పెద్దలు పన్నులు నిరాకరించి చెరసాలలకు పోయిరి గదా, మీరు కట్టుడని చెప్ప వచ్చితిరేమి?" అని యడిగిరి. సభ నవ్వినది గాని, ప్రశ్న నవ్వదగినది కాదు. 1921-22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు నిరాకరించినపుడు చాటుమాటున నిరాకరింపలేదు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి, రైతులు దొరతనము వారి యెదుటనే నిలిచి కట్టమనిరి. దొంగలెక్క వ్రాయుటను వారిలో నెవ్వరును సత్యాగ్రహమనలేదు. అయినను నేడు మేము చెప్పదలచినది ఎగవేయువారిని గూర్చి కాదు. ఎగవేయు తలంపు లేకయే, తెలియక చిక్కుకొనుచున్న చిన్న వర్తకుని గూర్చి.

జగ్గయ్యపేట వర్తకునకు సరిహద్దు క్రొత్త గాదు. ఈ పేట మద్రాసు రాజధానిలో నుండగా ఆవలి కోదాడ నిజాము ఏలుబడిలో నుండెను. సరకు దాటవలెనన్న కరోడ్‌గిరి వారి సుంకము తప్పెడిది కాదు. 1956 నవంబరు 1న రెండూళ్లును ఒక్క రాష్ట్రమునకు చెందినవి. 2014 జూన్ 2న మరల వేరైనవి. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చిన పిమ్మట సరిహద్దులలోని వాణిజ్యపన్ను తనిఖీ ఠాణాల నెత్తివేసిరి. పన్ను వారు బండి నాపుట లేదు గనుక గరికపాడు కడ సరిహద్దే లేదని మనవారు తలంచుచున్నారు. తలుపు తీసివేసిరి గాని గడప యట్లే యున్నది. ఆ గడప ఇప్పుడు బిల్లు కాగితములోనికి వచ్చి కూర్చున్నది.

మా యొద్దకు వచ్చిన యొక వర్తకుని సంగతి వినుడు. పొలములకు ప్లాస్టిక్ గొట్టములమ్మి బ్రతుకువాడు. ఏడాది అమ్మకము 30 లక్షలు. సరకు మాత్రమే అమ్మువానికి ఆంధ్రప్రదేశమున 40 లక్షల వరకు నమోదు అక్కరలేదని ఎవరో చెప్పిరి. చెప్పినది నిజమే. కాని ఏటి మొదటనే కోదాడ ప్రాంతపు రైతులకు 2 లక్షల విలువగల గొట్టములను తానే ఆటోలో వేయించి పంపెను. పన్ను పడు సరకును పొరుగు రాష్ట్రమునకు అమ్మి పంపువానికి, ప్రకటితమైన కొన్ని హస్తకళా వస్తువుల విషయమున దప్ప, ఆ 40 లక్షల హద్దు వర్తింపదు. మొదటి రూపాయికే నమోదు కావలయును. అది మొదలు కోదాడ సరకు మీదనే గాక, పేటలో నమ్మిన ప్రతి గొట్టము మీదను నూటికి 18 చొప్పున పన్ను బాధ్యత నెత్తిన బడెను. 30 దినములలో నమోదుకు దరఖాస్తు పెట్టినచో, కొట్టులో నున్న సరకుపై తాను కొన్ననాడు కట్టిన పన్నైనను జమగా దక్కియుండెడిది. అదియు పోయినది. పన్ను, దానిపై ఏటికి నూటికి 18 వడ్డీ, 10,000 రూపాయలకు తగ్గని జరిమానా కలిపి తాఖీదు వచ్చినది. గొట్టములు కొన్న రైతుల కడ పన్ను పుచ్చుకొనలేదు. ఇప్పుడు ఎవరి నడుగును? నమోదుకు రుసుము కాసైనను లేదని మేము చెప్పగా ఆయన చాలసేపు పలుకలేదు.

వర్తకులలో ఒకరు, "కోదాడ వాడు మా అంగటికి వచ్చి కొన్నను దోషమేనా?" అని యడిగిరి. కాదు. నమోదు లేని కొనుగోలుదారు స్వయముగా వచ్చి సరకు పట్టుకొనిపోయి, బిల్లుపై అతని పొరుగు రాష్ట్రపు చిరునామా లేనిచో, అది ఈ రాష్ట్రపు అమ్మకమే. మీరు బండి కెత్తించి అక్కడ దింపించినచో అది వేరు. కోదాడలో కొట్టు పెట్టిన మీ బావమరిదికి తెలంగాణపు హద్దు 20 లక్షలే యని కూడ చెప్పుడు. ఒకరి లెక్క నింకొకరికి తగిలింపరాదు. సేవల వారికి ఈ చిక్కు లేదు: 20 లక్షల లోపు సేవ గరికపాడు దాటినను నమోదు నిర్బంధము కాదు.

ఒకటిన్నర కోటి లోపు అమ్మకము గల వర్తకునకు నూటికి 1 చొప్పున కట్టు కాంపోజిషన్ పద్ధతి కలదు. సులువైనదే. కాని ఆ పద్ధతిలోనివాడు పన్నును కొనువాని కడ వసూలు చేయరాదు, సరకును సరిహద్దు దాటింపరాదు. కావున సరకు బండి కెత్తక ముందే ఈవల నిలుతునా, ఆవల కూడ అమ్ముదునా యని తేల్చుకొనవలెను. పన్ను ప్రణాళిక యని పట్టణములలో పెద్దపేరు పెట్టి చెప్పుచున్నది చిన్న వర్తకుని పట్ల చాలవర కింతియే.

నమోదైనచో ఆదాయపు పన్ను వారు వెంటబడుదురను భయము మరియొకటి. లెక్క కట్టి చూతము. అమ్మకము 2 కోట్లకు మించని వర్తకుడు అంచనా ఆదాయ పద్ధతిలో నగదు అమ్మకముపై నూటికి 8, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై 6 చొప్పున లాభము చూపవచ్చును. నిజలాభ మంతకు మించినచో దానినే చూపవలెను. 30 లక్షలకు 8 వంతున 2,40,000. 2025-26లో క్రొత్త పద్ధతిని 12 లక్షల వరకు సామాన్యాదాయముపై పన్నే లేదు. స్థలము లమ్మిన లాభము మాట వేరు. లేని పన్నుకు వెరచి యున్న అమ్మకమును దాచుకొనుట ఏమి లౌక్యమో మాకు తెలియదు! అయితే ఆదాయము 4 లక్షలు దాటినచో పన్ను లేకున్నను రిటర్ను వేయవలసినదే. ఇది చాలమంది మరచుచున్నారు.

దాచుటయు నిప్పుడు సాగదు. 2025 జూలైలో కర్ణాటకమున యూపీఐ చెల్లింపుల లెక్కను బట్టి చిన్న దుకాణదారులకు తాఖీదులు పోయినవి. బెంగుళూరులో కొందరు ఆ చిహ్నపు కాగితములను గోడల మీదినుండి చించివేసిరి. కాగితము చింపిన బ్యాంకులోని లెక్క చెరుగునా? పాలకు పండ్లకు పన్ను లేదు, నమోదు హద్దు వేరు. దినదినపు చిట్టా యున్నవాడు ఆ సంగతి చూపి బయటపడగలడు. చిట్టా లేనివానికి వకీలేమి చేయగలడు?

గొట్టముల వర్తకుడు ఇప్పుడు నమోదైనాడు. సంజాయిషీ మేమే వ్రాసి పంపితిమి. ఉత్తరువు ఇంకను రాలేదు. ప్రతి ఆదివారము సాయంకాలము ఈ పఠనాలయముననే కూర్చుందుము, ఫీజు లేదు. బిల్లు పుస్తకము, బ్యాంకు లెక్క తెచ్చుకొనుడు. గరికపాడు ఆవలికి సరకు పంపుచున్నవారు ముందుగా రండు.