నూతన సంస్థలకు తొలి మూలధనము
(అధ్యక్షోపన్యాసము)



కన్నడదేశమున నివసించుచును తెలుగును ఇంటిభాషగా నిలుపుకొన్న చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల పెద్దలు ఈ సాదలియందు కూడి, నేడు స్టార్టప్పులని లోకము పిలుచుచున్న నూతన సంస్థలను గూర్చి ప్రసంగింపుమని నన్ను కోరుట సముచితమే. పెట్టుబడి పరిచయము వెంట నడచునని ఈ సీమవారికి వేరొకరు బోధింప పనిలేదు. శిడ్లఘట్ట మార్కెట్టులో వేలము పాడి పట్టుగూళ్లు కొను రీలరు గూళ్లవెలను ముందుగా చెల్లింపవలెను. పట్టు తీసి, అమ్మి, సొమ్ము చేజిక్కించుకొనుట పిమ్మటి మాట. ఆ నడిమి కాలమునకు అప్పిచ్చువాడు అతని యంత్రములను చూచి ఈయడు. ఇన్నాళ్లును అతడెట్టి పట్టు తీసెనో, ఎవరి బాకీ ఎట్లు తీర్చెనో ఎరిగి ఇచ్చును.

నూతన సంస్థకు అట్టి పూర్వచరిత్ర ఉండదు. క్రొత్తదనమే సంస్థకొక భారమని స్టించ్‌కోంబ్ అను అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు 1965లోనే ప్రతిపాదించెను. అందుచేత స్థాపకుని చరిత్రయే సంస్థచరిత్రగా చెల్లుచున్నది. ఉద్యోగానుభవము మనకు నైపుణ్యమును మాత్రమే ఈయదు, మన పనిని కన్నులార చూచిన సాక్షులను కూడ ఇచ్చునని నా దృఢవిశ్వాసము.

తాడేపల్లి పసుపురైతు కుమారుడైన అంజిరెడ్డిగారు పూనా జాతీయ రసాయన ప్రయోగశాలయందు డాక్టరేటు పొంది, 1969లో హైదరాబాదునందలి ప్రభుత్వ ఔషధ కర్మాగారమైన ఐడీపీఎల్‌లో చేరి, 1975 వరకు మందుల తయారీయందలి లోతుపాతులు నేర్చి, 1976లో యూనిలాయిడ్సును, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్సును నడిపిన పిమ్మటనే 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. ఏ ముడిసరుకు ఎవరియొద్ద లభించునో, ఏ రసాయనచర్యను ఎవరు సాధింపగలరో, అప్పటికి ఆయన ఒకరిని అడిగి తెలిసికొనవలసిన స్థితిలో లేరు. అదే యేట అమెరికానుండి తిరిగివచ్చిన మురళీ దివిగారు ఆయనతో కలసి కెమినార్ సంస్థలో పనిచేసి, 1990లో తమ సంస్థను వేరుగా నెలకొల్పిరి. అంజిరెడ్డిగారు పని నేర్చిన ఐడీపీఎల్ తరువాత నష్టములలో క్రుంగినను, అందు పని నేర్చినవారు హైదరాబాదు ఔషధపరిశ్రమకు పునాదులు వేసిరి. ఆ లాభమును ఏ జమాఖర్చులోను వ్రాసినవారు లేరు.

ఇస్రోలో పనిచేసిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాక 2018లో స్కైరూట్ స్థాపించిననాడు వారి చేత రాకెట్టు లేదు. మింత్రా స్థాపకులలో ఒకరైన ముకేశ్ బన్సల్ తొలి పెట్టుబడి పెట్టుటకు వారి వెనుకనున్న ఇస్రో అనుభవము గొప్ప ఆలంబనమైయుండును. 2022 నవంబరు 18న వారి విక్రమ్-ఎస్ రాకెట్టు శ్రీహరికోటనుండి లేచినది.

పరిచయమునకు హద్దులును కలవు. బెంగళూరునందు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సులో ఉద్యోగము చేయుచుండిన ఫణీంద్ర సామ 2006లో బిట్స్ పిలానీ సహాధ్యాయులతో బస్సు టికెట్లనమ్ము రెడ్‌బస్ ఆరంభించినపుడు, స్నేహబృందము వారికి సహస్థాపకులనిచ్చెను, నూతన సంస్థాపకులకు తోడ్పడు టై సంస్థ మార్గదర్శకులనిచ్చెను; కాని బస్సు యజమానులలో వారినెరిగినవారు లేరు. ఆ విశ్వాసమును వారు ట్రావెల్సు కార్యాలయముల గడపగడపకు తిరిగి సంపాదింపవలసివచ్చెను. ఒక రంగమున గడించిన పేరు వేరొక రంగమున చెల్లకపోవచ్చును.

మన తెలుగువారు బంధువర్గమును నమ్మి పెట్టుబడి కూర్చుట పూర్వమునుండి కలదు. అది శీఘ్రముగా ఫలించును, కాని బంధువులు లేనివానికి తలుపు మూయును. పైగా సన్నిహితులు మనమెరిగినదానినే ఎరుగుదురు. క్రొత్త వార్త స్వల్పపరిచితులనుండియే ఎక్కువగా వచ్చునని సమాజశాస్త్రజ్ఞుడు గ్రానోవెట్టరు 1973లో చూపెను. ఈ జిల్లాలోని ముద్దేనహళ్లిలో జన్మించిన విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానుగా నుండగా 1913లో మైసూరు బ్యాంకు వెలయుటను ఈ దృష్టితోనే నేను గౌరవింతును: చుట్టరికము లేనివానికిని పెట్టుబడి దొరకు మార్గములలో బ్యాంకొకటి.

కావున పెద్దలకు నా విన్నపమిది. పట్టా చేతికందిన మరునాడే సంస్థ పెట్టుమని బిడ్డలను తొందరపెట్టక, మంచి కర్మాగారమునందో ప్రయోగశాలయందో కొన్నేండ్లు పనిచేయనిండు. బెంగళూరున ఇప్పటికే స్థిరపడిన మన శిడ్లఘట్ట, బాగేపల్లి, చింతామణి యువకులు వెనుక వచ్చువారిని, వారు తమ బంధువులైనను కాకున్నను, తమ పైయధికారులకును, పెట్టుబడిదారులకును పరిచయము చేయుదురుగాక.